చెట్టు మనది, లెక్క ఎవరిది?

బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలు, సాఫ్ట్‌వేర్ సంస్థలు రోజుకు వేల కాగితాలు ప్రింటు తీస్తాయి. వాటికి ప్రింటర్లు అమ్మే కంపెనీలు కొన్నేళ్లుగా యంత్రంతో పాటు ఇంకో సరుకు కూడా అమ్ముతున్నాయి. ఆ సరుకు పేరు పచ్చదనం. మీరు ఎంత కాగితం వాడితే అంతకు సరిపడా చెట్లు మీ పేరు మీద నాటిస్తాం, మీ వల్ల అడవికి నష్టం లేదని సర్టిఫికెట్ ఇస్తాం అనేది బేరం. ప్రింటు తీసేవాడికి మనసు తేలికపడుతుంది. ప్రింటరు అమ్మేవాడికి గిరాకీ తగ్గదు.

ఇందులో రైతుకేం పని అని ఎవరైనా అడగొచ్చు. పని ఉంది. మన దేశంలో తయారయ్యే కాగితానికి కర్ర చాలావరకు మనలాంటి రైతుల పొలాల నుంచి పోతుంది. బదులుగా నాటే మొక్కలకు చూపించే భూమి కూడా ఏదో ఒక దేశంలో మనలాంటి వాళ్లు బతుకుతున్న భూమే. రెండు చివర్లా రైతే ఉన్నాడు. మధ్యలో రాసుకునే లెక్కల పుస్తకంలో మాత్రం రైతు పేరు కనపడదు. ఇప్పుడు ఆ పుస్తకం పట్టుకుని మన ఊళ్లకు కూడా మనుషులు వస్తున్నారు. గట్ల మీద చెట్లకు కార్బన్ డబ్బులు ఇస్తామని సంతకాలు అడుగుతున్నారు. అందుకే ఈ నెల ఈ విషయం కాస్త వివరంగా మాట్లాడుకోవాలి.

8,333 కాగితాలకు ఒక చెట్టు

అమెరికాలో ప్రింట్‌రిలీఫ్ అనే కంపెనీ ఉంది. దాని సాఫ్ట్‌వేర్ ఆఫీసు ప్రింటర్లు ఎన్ని కాగితాలు వాడాయో లెక్క తీస్తుంది. 8,333 కాగితాలైతే ఒక చెట్టు బాకీ పడ్డట్టు. ఆ బాకీని మడగాస్కర్, బ్రెజిల్, మెక్సికో వంటి దేశాల్లో మొక్కలు నాటే ప్రాజెక్టుల ద్వారా తీరుస్తారు. ఏ దేశంలో నాటించాలో కస్టమరు ఎంచుకోవచ్చు. జిరాక్స్ వంటి పేరున్న కంపెనీలు ఈ సేవను తమ కస్టమర్లకు అందిస్తున్నాయి. నాటిన మొక్కల్ని బయటి ఆడిటర్లతో తనిఖీ చేయిస్తామని కూడా చెబుతున్నాయి. కాబట్టి ఇదంతా ఉత్త మోసమని మేం అనడం లేదు. లెక్క ఎలా వేస్తున్నారో చూద్దామంటున్నాం.

8,333 కాగితాలంటే దాదాపు పదిహేడు రీములు. మామూలు 80 జీఎస్‌ఎం ఏ4 కాగితం ఒక్కోటి ఐదు గ్రాములు తూగుతుంది. మొత్తం 42 కిలోల లోపు. ఆరిన కర్ర నుంచి గుజ్జు తీస్తే సగమో, అంతకన్నా కొంచెం తక్కువో మిగులుతుంది. పచ్చి కర్ర బరువులో సగం దాకా నీరే. అన్నీ కలిపి చూస్తే ఆ పదిహేడు రీములకు మన తోటలో కొట్టిన పచ్చి కర్ర అటూ ఇటూగా 150 కిలోలు కావాలి.

ఒక చెట్టు అనే ఈ లెక్క పుట్టింది అమెరికాలో. అక్కడ గుజ్జుకు కొట్టే 40 అడుగుల చెట్టును బట్టి వేసిన లెక్క అది. మన సుబాబుల్ తోటలో నాలుగేళ్ల చెట్టు, తోట ఒత్తును బట్టి, పది కిలోల నుంచి ముప్పై కిలోల దాకా తూగుతుంది. అంటే మన కర్రతో చేసిన కాగితం 8,333 వాడితే ఇక్కడ ఐదు నుంచి పదిహేను చెట్లు పడిపోతాయి. వాటికి బదులు ఎక్కడో ఒక చెట్టు బాకీ రాసుకుంటే చెల్లు. పైగా పడింది ఎదిగిన చెట్టు, పెట్టేది మూరెడు మొక్క. ఆ మొక్క ఎన్ని వానలు చూస్తుందో, ఎన్ని ఎండలు తట్టుకుంటుందో, మేకల నోట పడకుండా ఎవరు కాస్తారో, ఆ కష్టమంతా సర్టిఫికెట్‌లో ఎక్కడా కనిపించదు. మొక్క నాటడం ఒక పూట పని, చెట్టు పెంచడం ఏళ్ల పని అన్నది వ్యవసాయం చేసిన వాళ్లకు ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు.

ఇదే లెక్కను రూపాయల్లో చూడండి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గతంలో సుబాబుల్‌కు టన్ను 4,200 రూపాయలు, జామాయిల్‌కు 4,400 రూపాయలు అని ధర కట్టింది. ఆ ధర మొత్తం దక్కిందనుకున్నా 150 కిలోల సుబాబుల్‌కు రైతుకు వచ్చేది 630 రూపాయలు. అందులోంచే నరికిన కూలి, తొక్క తీసిన కూలి, ఎగుమతి ఖర్చు పోవాలి. రీము బజారులో 250 రూపాయలు వేసుకున్నా పదిహేడు రీములు 4,250 రూపాయలు. ఇంత పెద్ద గొలుసులో చెట్టు మీద ప్రేమ గురించి అందరూ మాట్లాడుతున్నారు. చెట్టు పెంచినవాడి ధర గురించి మాట్లాడేవాళ్లు లేరు.

అడవికి బదులు పొలం

కాగితం మిల్లులు మన పొలాల దాకా ఎలా వచ్చాయో కొత్త తరం రైతులకు తెలియకపోవచ్చు. ఒకప్పుడు మిల్లులకు కర్ర, వెదురు ప్రభుత్వ అడవుల నుంచే చవగ్గా పోయేవి. అడవులు తరిగిపోతున్నాయని 1988లో జాతీయ అటవీ విధానం తెచ్చారు. పరిశ్రమలు తమకు కావలసిన కర్రను రైతులతో పెంచించుకుని కొనుక్కోవాలని అందులో చెప్పారు. అది మంచి మాటే. ఆ తర్వాత భద్రాచలం దగ్గర సారపాక మిల్లుకు, రాజమండ్రి మిల్లుకు, కాగజ్‌నగర్ మిల్లుకు మన జామాయిల్, సుబాబుల్, సరుగుడు తోటలే ఆధారమయ్యాయి. ప్రకాశం, గుంటూరు, కృష్ణా, ఖమ్మం జిల్లాల మెట్ట పొలాల్లో, ఉత్తరాంధ్ర ఇసుక నేలల్లో లక్షల ఎకరాలు కర్ర తోటలయ్యాయి.

ఆ తోటలు వేసింది సరదాకి కాదు. నీళ్లు లేవు, కూలీలు దొరకరు, అడవి పందులూ కోతులూ ఏ పంటనూ నిలవనివ్వవు. పొగాకు, మిరప, పత్తిలో దెబ్బ తిన్న రైతు కనీసం నాలుగేళ్లకు ఒకసారైనా మొత్తంగా డబ్బు కళ్ల చూస్తానని కర్ర వేశాడు. మూడు, నాలుగేళ్లు ఆ నేల మీద వేరే ఆదాయం లేకుండా ఓపిక పట్టాడు. కోతకు వచ్చేసరికి మిల్లు కొనడం తగ్గించేది. దళారి చెప్పిందే ధర, వేబ్రిడ్జి చూపించిందే తూకం. ప్రభుత్వం కట్టిన 4,200 కాగితం మీద ఉండగానే అందులో సగానికి కర్ర తెగనమ్ముకున్న ఏడాదులు ప్రకాశం, కృష్ణా రైతులకు గుర్తున్నాయి. ఆ ఏడాదుల్లో కొందరు తోటలు పెకలించి వేశారు. తర్వాత కర్ర కొరత వచ్చి రేటు లేచింది. అప్పటికి వాళ్ల పొలంలో తోట లేదు.

కాగజ్‌నగర్ సంగతి చూడండి. ఊరి పేరే కాగితం ఊరు. నిజాం కాలంలో పుట్టిన సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో మూతపడింది. జేకే పేపర్ చేతికి వచ్చి 2018లో మళ్లీ తెరుచుకుంది. మధ్యలో నాలుగేళ్లు కార్మికులు రోడ్డున పడ్డారు. 2014 అక్టోబరులోనే హుద్‌హుద్ తుపాను ఉత్తరాంధ్ర సరుగుడు తోటల్ని నేలమట్టం చేసింది. మిల్లు మూతపడినా, గాలివాన వచ్చినా, కర్ర రేటు పడినా నష్టం ఊళ్లోనే మిగిలింది. పచ్చదనం పేరు మాత్రం ఎప్పటికప్పుడు ఊరు దాటి పోతూనే ఉంది.

కార్బన్ లెక్క ఎక్కడ రాసుకున్నారు

ఆ పేరు ఎలా పోతుందో తెలియాలంటే కార్బన్ క్రెడిట్ అంటే ఏమిటో తెలియాలి. చెట్టు పెరిగేటప్పుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని కర్రగా మార్చుకుంటుంది. అలా పీల్చిన ఒక టన్నును ఒక క్రెడిట్‌గా రాస్తారు. పొగ వదిలే కంపెనీ ఆ క్రెడిట్ కొనుక్కుని, నేను వదిలిన పొగలో ఒక టన్ను తీరిపోయింది అని చెప్పుకోవచ్చు. ప్రింటు కాగితానికి చెట్టు అన్నదీ ఇదే తరహా వ్యాపారం.

ఇది ఎక్కడో విదేశాల ముచ్చట అనుకోవద్దు. ఉమ్మడి ఖమ్మం జిల్లాలో ఐటీసీ సామాజిక అటవీ పథకం కింద రైతుల పొలాల్లో పెంచిన జామాయిల్ తోటలు 2009లోనే ఐక్యరాజ్యసమితి కార్బన్ పథకంలో నమోదయ్యాయి. దాదాపు 3,070 హెక్టార్లు, అంటే ఏడున్నర వేల ఎకరాలు. ఏడాదికి 57 వేల టన్నులకు పైగా బొగ్గుపులుసు వాయువు పీలుస్తాయని అందులో అంచనా వేశారు. ఎకరాకు ఏడాదికి ఏడున్నర టన్నుల లెక్క. మంచి క్లోన్ మొక్కలు అందించడంలో, గిరిజన రైతుల చేత తోటలు వేయించడంలో ఆ కంపెనీ పని చేసింది, దాన్ని కాదనలేం. అదే కంపెనీ 2005-06 నుంచి ఏటా తాను వదిలే కార్బన్ కన్నా పీల్చేది ఎక్కువని ప్రకటించుకుంటోంది. ఆ పీల్చే లెక్కలో రైతుల పొలాల్లో పెరిగిన తోటలు కూడా ఉన్నాయి. ఆ రైతుల్లో ఎంతమందికి తమ పొలం ఒక కార్బన్ లెక్కలో ఉందని తెలుసు? తెలిసినవాళ్లలో ఎంతమంది చేతిలో ఆ కాగితం నకలు ఉంది?

ఒడిశాలోని రాయగడ, కోరాపుట్, కలహండి జిల్లాల్లోనూ, మన శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల్లోనూ జామాయిల్, సరుగుడు తోటలతో ఇంకో పథకం ఇలాగే నమోదైంది. దాని క్రెడిట్లు కొనడానికి ప్రపంచ బ్యాంకు బయోకార్బన్ ఫండ్ ముందుకొచ్చింది. అరకులో ఇంకో రకం ఉంది. డానోన్ చొరవతో మొదలై శాప్, ష్నైడర్ ఎలక్ట్రిక్ వంటి కంపెనీలు డబ్బు పెట్టిన లైవ్లీహుడ్స్ ఫండ్, నాంది ఫౌండేషన్‌తో కలిసి అక్కడి గిరిజన రైతుల భూముల్లో దాదాపు 60 లక్షల మొక్కలు పెట్టించింది. కాఫీకి నీడనిచ్చే చెట్లు, మామిడి, జామ వంటి పండ్ల చెట్లు. పండు, కాఫీ రైతువి. కార్బన్ క్రెడిట్ డబ్బు పెట్టిన కంపెనీలది.

వీటిలో అరకు తరహా మెరుగని మా అభిప్రాయం. అక్కడ చెట్టును నరికితే కాదు, నిలబెడితే రైతుకు ఆదాయం. కర్ర తోట అలా కాదు. నాలుగేళ్లకు కొట్టాలి, కొట్టిన కర్ర కాగితం కావాలి, ఆ కాగితం ఏడాది తిరగకుండా చెత్తబుట్టలో పడి కాలిపోవాలి. పీల్చుకున్న కార్బన్ తిరిగి గాలిలోకే పోతుంది. మోడు మళ్లీ పిలకలు వేస్తుంది, నిజమే. అందుకే ఐక్యరాజ్యసమితి పథకంలో కూడా చెట్ల క్రెడిట్లను గడువు తీరిపోయే తాత్కాలిక క్రెడిట్లుగానే ఇచ్చారు. ఆఫీసు గోడకు తగిలించిన పచ్చ సర్టిఫికెట్ చూసినవాడికి ఈ సంగతి తెలిసే దారి లేదు.

ఒకే చెట్టును ఎంతమంది చెప్పుకుంటున్నారో కూడా ఆలోచించాలి. కర్ర కొట్టిన చోట మళ్లీ తోట వస్తుంది కాబట్టి మా కాగితం అడవిని చెరపదు అని మిల్లు చెప్పుకోవచ్చు. ఆ తోట పీల్చే కార్బన్ చూపించి కంపెనీ తన వార్షిక నివేదికలో పచ్చ గుర్తు వేసుకోవచ్చు. అదే ఊళ్లో ఇంకొకరు వచ్చి చెట్ల కార్బన్ పేరుతో ఒప్పందం రాయించుకోవచ్చు. ఒక చెట్టును రెండుసార్లు లెక్క రాయకూడదని నియమాలు ఉన్నాయి. రాశారో లేదో చూసుకునే వీలు మాత్రం రైతుకు లేదు, ఎందుకంటే రైతు దగ్గర ఒక్క కాగితం కూడా ఉండదు. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే.

ఖాళీ భూమి ఎక్కడుంది?

ఎక్కడో ఒకచోట నాటుతాం అనే మాటలో ఇంకో ప్రమాదం ఉంది. పట్నంలో కూర్చుని మ్యాపు చూసేవాడికి ఖాళీగా కనిపించే భూమి ఊళ్లో ఉన్నవాళ్లకు ఖాళీ కాదు. అది పశువుల బీడు, లేదా పోడు, లేదా కట్టెలూ ఆకులూ ఏరుకునే చోటు. 2019 జూన్ చివర్లో కాగజ్‌నగర్ మండలం సార్సాలలో ఏం జరిగిందో అందరూ టీవీల్లో చూశారు. కాళేశ్వరం ప్రాజెక్టు కింద పోయిన అడవికి బదులు మొక్కలు నాటడానికి అటవీ సిబ్బంది ట్రాక్టర్లతో వచ్చారు. అది తాము సాగు చేసుకునే భూమి అని ఊరివాళ్లు అడ్డం తిరిగారు. విధి నిర్వహణలో ఉన్న అధికారిణి మీద దెబ్బలు పడ్డాయి. ఆ దాడిని ఎవరూ సమర్థించలేరు. కానీ ఒకచోట పోయిన అడవికి ఇంకోచోట పేదవాడి చేను బదులు పెట్టాలనుకున్న లెక్కే ఆ గొడవకు మూలం. ప్రభుత్వం బదులు చెట్లు నాటినప్పుడే ఇలా ఉంటే, కంపెనీల తరఫున నాటే రోజు వస్తే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఆ రోజు వచ్చేసింది కూడా. 2023 అక్టోబరులో కేంద్రం గ్రీన్ క్రెడిట్ నిబంధనలు తెచ్చింది. పాడుబడిన అటవీ భూముల్లో చెట్లు పెంచడానికి కంపెనీలు డబ్బు కట్టి క్రెడిట్లు పొందవచ్చు. హెక్టారుకు కనీసం 1,100 మొక్కలు, చెట్టుకో క్రెడిట్ అని 2024 ఫిబ్రవరిలో పద్ధతి ప్రకటించారు. నాటగానే క్రెడిట్ ఇస్తారా అని విమర్శలు వచ్చాయి. 2025 ఆగస్టులో ఆ పద్ధతి మార్చి, ఐదేళ్లు పెంచి, గుబురు కనీసం 40 శాతానికి వచ్చాకే క్రెడిట్ అన్నారు. నాటడం వేరు, పెంచడం వేరు అన్న మన మాటను కేంద్రమే చివరికి ఒప్పుకున్నట్టయింది. ఐదేళ్ల నియమం ఆఫీసు కాగితాల చెట్లకు కూడా ఎందుకు ఉండకూడదు?

ఆ పాడుబడిన అటవీ భూముల్లో అటవీ హక్కుల చట్టం కింద అర్జీలు పెట్టుకుని పట్టా కోసం ఎదురుచూస్తున్న కుటుంబాలు ఎన్నో. 2006 నాటి ఆ చట్టం ప్రకారం అర్జీ తేలేదాకా వాళ్లను కదిలించకూడదు. గ్రామసభ తీర్మానం లేకుండా అక్కడ ఒక్క గుంత తవ్వినా మన సంఘం అడ్డుపడుతుంది.

చెట్టుకు మనం వ్యతిరేకమా?

ఇన్ని మాటలు విన్నాక, చెట్లు నాటితే మీకేం బాధ అని ఎవరైనా అనొచ్చు. చెట్టుకు రైతు ఎప్పుడూ శత్రువు కాడు. గట్టున తాడి, చేలో వేప, చెరువు కట్ట మీద తుమ్మ, ఇంటి ముందు చింత, వీటిని ఏ సర్టిఫికెట్ కోసమూ మన పెద్దలు పెంచలేదు. వానలు గతి తప్పి, ఎండలు ముదిరి మొదట దెబ్బ తినేది మనమే కాబట్టి గాలిలో పొగ తగ్గాలని అందరికన్నా ఎక్కువ కోరుకోవాల్సిందీ మనమే.

మన అభ్యంతరం వరస మీద. ముందు కాగితం వాడకం తగ్గించాలి. రెండు వైపులా ప్రింటు తీస్తే కాగితం సగం మిగులుతుంది, దానికి ఏ ఖండంలోనూ మొక్క నాటక్కర్లేదు. తగ్గించాక మిగిలిన వాడకానికి కర్ర పండించిన రైతుకు న్యాయమైన ధర ఇవ్వాలి. ఆ తర్వాతే బదులు చెట్ల మాట. ఇప్పుడు మొదటి రెండూ వదిలేసి మూడోదానితో మొదలుపెడుతున్నారు. చెట్టు నాటుతున్నారు కదా అని ప్రింటు తీసేవాడు ఇంకో వంద కాగితాలు ధైర్యంగా తీస్తాడు.

ఆ మాటకొస్తే ప్రభుత్వాలూ ఇందులో తక్కువ తినలేదు. ఏ పథకానికి వెళ్లినా ఆధార్ జిరాక్స్, పాసుపుస్తకం జిరాక్స్, బ్యాంకు పుస్తకం జిరాక్స్. అన్నీ మూడేసి సెట్లు. పోయిన సీజన్‌లో ఇచ్చినవే ఈ సీజన్‌లో మళ్లీ ఇవ్వాలి. అంతా కంప్యూటర్‌లో ఉందని చెప్పే ఆఫీసే మళ్లీ కాగితం అడుగుతుంది. రైతు జేబులోంచి పోయే ఆ జిరాక్స్ డబ్బులు, దాని వెనక పడే చెట్లు ఎవరి లెక్కలోకి వస్తాయి?

సంతకం పెట్టే ముందు

2023 జూన్‌లో కేంద్రం కార్బన్ క్రెడిట్ ట్రేడింగ్ పథకాన్ని నోటిఫై చేసింది. 2024 జనవరిలో వ్యవసాయ రంగంలో స్వచ్ఛంద కార్బన్ మార్కెట్‌కు ఒక విధాన పత్రం విడుదలైంది. దీంతో ఏజెంట్ల తిరుగుడు ఇంకా పెరుగుతుంది. వచ్చేవాళ్లంతా దొంగలని మేం అనడం లేదు. అయితే కింది విషయాలు తేలకుండా వేలిముద్ర గానీ సంతకం గానీ పెట్టవద్దని సభ్యులందరినీ కోరుతున్నాం.

ఒకటి, ఒప్పందం తెలుగులో ఉందా? నకలు అక్కడికక్కడే మీ చేతికి ఇస్తున్నారా? ఖాళీలు ఉంచిన కాగితం మీద సంతకం చేయవద్దు. ఆధార్, పాసుపుస్తకం నకళ్లు ఊరికే ఇచ్చేయవద్దు.

రెండు, గడువు ఎన్నేళ్లు? ఇలాంటి ఒప్పందాలు ఇరవై, ముప్పై ఏళ్లకు కూడా రాస్తారు. యాభై ఏళ్ల రైతు పెట్టిన సంతకం అతని కొడుకునీ కూతుర్నీ కట్టిపడేస్తుంది. భూమి అమ్మినా, పంచుకున్నా, బ్యాంకులో పెట్టినా ఏమవుతుందో రాసి ఉండాలి.

మూడు, ఏ కార్బన్ రాసిస్తున్నారు? గట్టు మీది చెట్లదా, తోట మొత్తానిదా, మట్టిలోదా? పొలంలోని కార్బన్ హక్కులన్నీ అని రాసి ఉంటే రేపు ఇంకెవరితోనూ మీరు మాట్లాడలేరు.

నాలుగు, మీ వాటా దేని మీద లెక్కిస్తారు? అమ్మిన మొత్తం మీదా, ఖర్చులు పోగా మిగిలినదాని మీదా? ఆడిటరు ఫీజు, సర్వే ఖర్చు, మధ్యవర్తి కమీషన్ పోయాక ఏమీ మిగలకపోవచ్చు. కనీస ధర ఇంత, చెల్లింపు ఫలానా నెలలో అని అంకెలతో రాయించుకోవాలి.

ఐదు, చెట్టు పోతే ఎవరిది బాధ్యత? తుపాను, నిప్పు, తెగులు వల్ల తోట పోతే తీసుకున్న డబ్బు తిరిగి కట్టాలనే షరతు ఉందేమో చూడండి. ఉంటే ఆ కాగితం తిప్పి పంపండి.

ఆరు, నరికే హక్కు, పంట మార్చే హక్కు మీకు ఉన్నాయా? కూతురి పెళ్లికో ఆసుపత్రి ఖర్చుకో చెట్టు కొట్టుకునే వీలు లేకపోతే అది మీ చెట్టు కాదు.

ఏడు, తగాదా వస్తే ఏ కోర్టు? ఢిల్లీ అనో ముంబై అనో రాసి ఉంటే గెలిచినా ఓడినట్టే. మన జిల్లా కోర్టు అని రాయించాలి.

కౌలు రైతులు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. చెట్టు పెంచేది కౌలుదారు, సంతకం పెట్టేది భూస్వామి అయితే డబ్బు ఎటు పోతుందో చెప్పనక్కర్లేదు. పైగా ఇరవై ఏళ్ల చెట్ల ఒప్పందం ఉన్న భూమి ఇక కౌలుకే దొరకదు. అటవీ హక్కుల పట్టా ఉన్న గిరిజన రైతులు గ్రామసభలో చర్చించకుండా ఒక్కరుగా ఒప్పుకోవద్దు.

మన సంఘం అడుగుతున్నది

రైతుల భూమిలో చెట్ల మీద జరిగే ప్రతి కార్బన్ ఒప్పందాన్నీ మండల వ్యవసాయ అధికారి దగ్గర నమోదు చేయాలి. సర్వే నంబర్లతో సహా ఆ వివరాలు గ్రామ పంచాయతీ బోర్డు మీద పెట్టాలి. ఒకే తోటను ఇద్దరు రాసుకున్నారో లేదో అప్పుడు ఊరికే తెలుస్తుంది.

ఇప్పటికే రైతుల తోటల్ని తమ పచ్చదనం లెక్కలో చూపించుకున్న కంపెనీలు ఏ గ్రామంలో, ఎన్ని ఎకరాలు, ఎంత కార్బన్ రాసుకున్నాయో బయటపెట్టాలి. అమ్ముకున్న క్రెడిట్ల డబ్బులో రైతు వాటా ఎంతో చెప్పాలి.

సుబాబుల్, జామాయిల్, సరుగుడుకు పెరిగిన ఖర్చుల్ని బట్టి కనీస ధర మళ్లీ కట్టాలి. దానికన్నా తక్కువకు కొంటే మార్కెట్ కమిటీ చర్య తీసుకోవాలి. తూకం, చెల్లింపు మార్కెట్ కమిటీ కళ్ల ముందు జరగాలి. తుపాన్లకు పోయే కర్ర తోటలకు బీమా ఉండాలి.

ఆఫీసు కాగితాలకు బదులు చెట్లు అని అమ్మే ఏ కంపెనీ అయినా ఈ దేశంలో వ్యాపారం చేస్తే, నాటిన మొక్కల్లో ఐదేళ్లకు ఎన్ని నిలిచాయో, ఆ భూమి ఎవరిదో, కాపు కాసినవాడికి ఎంత కూలి ఇచ్చారో కస్టమరుకు చూపించాలని నిబంధన పెట్టాలి.

ప్రభుత్వ ఆఫీసులు ఒకసారి తీసుకున్న పత్రాన్ని మళ్లీ అడగకూడదు. దీనికి ఏ కంపెనీ సాయమూ అక్కర్లేదు, ఒక్క సర్క్యులర్ చాలు.

గ్రామ శాఖలు ఈ నెల సమావేశంలో ఈ విషయాన్ని తప్పక చర్చకు పెట్టాలి. మీ ఊళ్లో ఇప్పటికే ఎవరైనా చెట్ల ఒప్పందాల మీద సంతకాలు చేసి ఉంటే ఆ కాగితాల నకళ్లు మండల కమిటీకి చేర్చండి. న్యాయవాదులతో చదివించి ఏ షరతు ఏమిటో తెలుగులో రాసి తిరిగి పంపుతాం. ఇంకా చేయనివాళ్లు ఒక్కొక్కరుగా కాకుండా ఊరంతా కూర్చుని మాట్లాడండి. ఒక్కడు బేరం ఆడితే ఏజెంటు చెప్పిందే ధర. నూరు ఎకరాల గట్లు కలిసి బేరం ఆడితే ధర మనం చెప్పొచ్చు.